ఆర్.కె. నారాయణ్ హాస్య వ్యాసాలు: నవ్వుతూ ఎవరి పక్షాన నిలిచారు?

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- ఆత్మాశ్రయ వ్యాసం అంటే ఏమిటో, అందులో హాస్యానికి ఉన్న స్థానం ఏమిటో చెప్పగలుగుతారు.
- పుస్తకాలు, రచన, ఆటలు, బడి, ఇల్లు మొదలైన వస్తువులను నారాయణ్ నిర్వహించిన తీరును వివరించగలుగుతారు.
- ఆయన వ్యాసాలకూ కథలకూ ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
- ఆయన హాస్యంలోని బలాన్నీ పరిమితులనూ మీ సొంత మాటల్లో అంచనా వేయగలుగుతారు.

1. ప్రవేశిక

నవల రాస్తే సాహిత్యమనీ, పత్రికలో వారం వారం సరదాగా రాసే వ్యాసం కాలక్షేపమనీ చాలామంది అనుకుంటారు. సంపర్క తరగతుల్లో విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న కూడా ఇదే: "తలనొప్పి గురించీ కాఫీ గురించీ రాసినదాన్ని పాఠంగా ఎందుకు చదవాలి?" ప్రశ్న న్యాయమైనదే. సమాధానం చెప్పకుండా "గొప్ప రచయిత కాబట్టి" అని దాటవేయడం విమర్శ అనిపించుకోదు.

ఈ భాగంలో ఆ ప్రశ్నకు జవాబు వెతుకుదాం. ఆర్.కె. నారాయణ్ హాస్యం చూడడానికి తేలికగా ఉంటుంది. కాని ఆ నవ్వు ఎవరి మీద, ఎవరి కోసం అని గమనిస్తే ఒక స్థిరమైన పక్షపాతం కనిపిస్తుంది. పిల్లవాడు, పాఠకుడు, రచయిత, ఇంటి మనిషి - ఇలాంటి చిన్న మనుషుల సమయాన్నీ స్వేచ్ఛనూ నియమాలు, ఫారాలు, హోదాలు మింగేస్తున్న చోట ఆయన నవ్వు మొదలవుతుంది. ఈ సూత్రాన్ని పట్టుకుని చదివితే వేర్వేరు విషయాల మీది వ్యాసాలు ఒకే ఆలోచనకు చెందినవని తెలుస్తుంది.

2. రచయిత - రచనలు

నారాయణ్ 1906 అక్టోబరు 10న మద్రాసులో జన్మించారు. తండ్రి మైసూరులో ప్రధానోపాధ్యాయుడు. తండ్రి పనిచేసే బడి గ్రంథాలయం నారాయణ్‌కు అందుబాటులో ఉండేది. పాఠ్యపుస్తకాల మీద లేని ప్రేమ ఆయనకు ఇతర పుస్తకాల మీద ఉండేది. కళాశాల ప్రవేశానికి రాయవలసిన పరీక్షలో ఆయన తప్పారు. తరువాతి కాలంలో ఇంగ్లీషులో రాసి ప్రపంచ ఖ్యాతి పొందిన మనిషి తప్పిన విషయం ఇంగ్లీషే. అలా దొరికిన ఖాళీ ఏడాదిని మైసూరు కుక్కనహళ్లి చెరువు గట్టున పుస్తకాలు చదువుతూ గడిపానని ఆత్మకథ 'మై డేస్' (1974)లో సంతోషంగా చెప్పుకున్నారు. 1930లో బి.ఏ. పూర్తిచేశారు. కొద్ది రోజులు బడిపంతులుగా చేసి మానేశారు. రచనే వృత్తిగా బతకాలని నిర్ణయించుకున్నారు.

మొదటి నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1935లో లండన్‌లో వెలువడింది. దాని ప్రచురణకు సాయపడినవారు ప్రసిద్ధ ఆంగ్ల నవలాకారుడు గ్రాహం గ్రీన్. 'ది గైడ్' (1958) నవలకు 1960లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 1986లో ఆయన రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 2001 మే 13న చెన్నైలో కన్నుమూశారు.

నవలలతో పాటు 'ది హిందూ' పత్రికకు ఆయన వారం వారం వ్యాసాలు రాశారు. అవి 'నెక్స్ట్ సండే' (1960), 'రిలక్టెంట్ గురు' (1974) వంటి సంపుటాలుగా వచ్చాయి. 1958 నుంచి 1988 వరకు రాసిన వాటిలో ఎంపిక చేసినవి 'ఎ రైటర్స్ నైట్‌మేర్' (1988) అన్న పుస్తకంలో ఉన్నాయి. మన చర్చకు ప్రధాన ఆధారం ఈ వ్యాసాలే. ఆట విషయానికి వచ్చినప్పుడు మాత్రం 'స్వామి అండ్ ఫ్రెండ్స్'ను కూడా కలుపుకుందాం. ఆటను నారాయణ్ ఎలా చూశారో ఆ నవలలోనే బాగా తెలుస్తుంది.

3. ఆత్మాశ్రయ వ్యాసం - నారాయణ్ పద్ధతి

వ్యాసాలు స్థూలంగా రెండు రకాలు. విషయాన్ని ముందుంచి, రచయిత వెనక నిలబడేది వస్త్వాశ్రయ వ్యాసం. రచయిత అభిరుచి, అలవాటు, చిరాకు, ఇష్టాయిష్టాల గుండా విషయం మనకు చేరితే అది ఆత్మాశ్రయ వ్యాసం. ఇంగ్లీషులో చార్లెస్ లాంబ్ వంటివారు పెంచిన ప్రక్రియ ఇది. దీనిలో సమాచారం కంటే గొంతు ముఖ్యం. ఎదురుగా కూర్చుని ఒక మనిషి మాట్లాడుతున్నట్లు ఉండాలి.

నారాయణ్ వ్యాసంలో సాధారణంగా మూడు దశలు కనిపిస్తాయి.

మొదటిది, విషయం అతి చిన్నది. ఆదివారం, కాఫీ, తలనొప్పి, అరువిచ్చిన పుస్తకం, రోడ్డు మీది గుంపు. పాఠకుడు భయపడవలసినది ఏమీ ఉండదు.

రెండవది, నవ్వు ముందుగా తన మీదికే వస్తుంది. తన బద్ధకం, తన పిచ్చి ఇష్టాలు, తన అయోమయం ముందు చెబుతారు. తన్ను తాను నవ్వుకున్న మనిషి ఇతరులను చూసి నవ్వితే ఎవరికీ కోపం రాదు.

మూడవది, నవ్వు నడుస్తూ నడుస్తూ ఒక వ్యవస్థ ముందు ఆగుతుంది. అది బడి కావచ్చు, కార్యాలయం కావచ్చు, ప్రభుత్వం కావచ్చు. అప్పుడు కూడా రచయిత గొంతు పెంచడు. వ్యవస్థ మాట్లాడే భాషనే మనకు వినిపిస్తాడు. ఆ భాషే నవ్వు పుట్టిస్తుంది.

'నెక్స్ట్ సండే' వ్యాసాన్ని ఈ దృష్టితో చూడండి. వారమంతా వాయిదా వేసిన పనులన్నీ ఆదివారం మీద పడతాయి. ఇంట్లో అందరికీ ఆ రోజు మీద ఆశలే. తీరా ఆదివారం వస్తుంది, చేతిలోంచి జారిపోతుంది, పనులన్నీ వచ్చే ఆదివారానికి మారతాయి. ఇందులో సోమరితనం మీది చమత్కారం ఉంది. దాని అడుగున, ఆరు రోజులు ఉద్యోగానికి అమ్ముకున్న మనిషికి మిగిలిన ఒక్క రోజు కూడా తనది కాలేకపోవడం ఉంది. ఉద్యోగం చేస్తూ ఆదివారం నాడు పాఠం పట్టుకుని కూర్చునే దూరవిద్యా విద్యార్థికి ఈ వ్యాసం వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది.

4. ఇల్లు: కాఫీ గురించిన బెంగ

'కాఫీ వర్రీస్' వ్యాసంలో దక్షిణాది ఇంటి కాఫీ ప్రతిష్ఠ గురించి రాశారు. తన తల్లి గింజలను ఏరడం దగ్గర నుంచి, వేయించే రంగు వరకు ఎంత పట్టింపుతో ఉండేదో, ఇంటి మర్యాద అంతా ఆ కాఫీ మీదే ఎలా నిలబడేదో చెబుతారు. కాఫీ మన దేశానికి ఒక సాధువు ద్వారా వచ్చిందన్న విషయాన్ని కూడా గుర్తు చేస్తారు. బాబా బుడన్ అనే సూఫీ సాధువు అరబ్బు దేశం నుంచి గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని ప్రతీతి. ఆ కొండలకు ఆయన పేరే ఉంది.

ఇక్కడ హాస్యం ఎలా పుట్టిందో గమనించండి. అతి సామాన్యమైన పానీయం గురించి పురాణం చెప్పే గాంభీర్యంతో మాట్లాడడం వల్ల పుట్టింది. అలంకార దృష్టితో చూస్తే, చిన్న వస్తువుకు పెద్ద భాష తొడగడం ఇది. అయితే తల్లి పనిని ఆయన ఎగతాళి చేయలేదు. పొయ్యి దగ్గర ఒక స్త్రీ చూపే శ్రద్ధను ఒక కళాకారుడి శ్రద్ధగానే చూపారు. పెద్ద భాష నవ్వు కోసం మొదలై గౌరవం దగ్గర ఆగింది. నవ్వు, గౌరవం కలిసి ఉండగలవని చెప్పడానికి ఈ వ్యాసం మంచి ఉదాహరణ.

5. పుస్తకాలు, రచన

'ఎ బుకిష్ టాపిక్' అన్న వ్యాసం పుస్తకాలు అరువివ్వడం గురించి. పుస్తకాన్ని ప్రేమించేవాడికి అరువు అడిగిన స్నేహితుడు ఎంత పెద్ద సంకటమో మనకూ తెలుసు. ఇవ్వనంటే స్నేహం చెడుతుంది. ఇస్తే పుస్తకం పోతుంది, కొంతకాలానికి స్నేహమూ పోతుంది. నారాయణ్ పుస్తకాన్ని పూజించవలసిన వస్తువుగా చూడరు. అది మనిషికీ మనిషికీ మధ్య తిరిగే వస్తువు, అందుకే దాని చుట్టూ ఆశ, అనుమానం, మొహమాటం అల్లుకుంటాయని చూపుతారు.

రచన గురించిన ఆయన వ్యాసాల్లో మరీ ముఖ్యమైనది 'ఎ రైటర్స్ నైట్‌మేర్', అంటే ఒక రచయిత పీడకల. ఆ కలలో ఆయన ఒక వింత దేశపు పౌరుడు. అక్కడి ప్రభుత్వం కథల వ్యవహారాన్ని తన చేతిలోకి తీసుకుంటుంది. కథల నియంత్రణాధికారిని నియమిస్తుంది. కథ ఎలా ఉండాలో ప్రమాణాలు నిర్ణయిస్తుంది. ఇక రచయిత రాయాలంటే కార్యాలయాలు, అనుమతులు, దరఖాస్తులు దాటాలి.

ఆ రోజుల్లో బియ్యానికీ, చక్కెరకూ, సిమెంటుకూ నియంత్రణలు, పర్మిట్లు ఉండేవి. వాటి భాషను కథకు అన్వయించడంతోనే వ్యాసం నడుస్తుంది. అధికారి దుర్మార్గుడేమీ కాదు. ప్రజలకు మంచి కథలు అందాలన్నదే ఆయన కోరిక కూడా. నారాయణ్ చూపు అక్కడ ఉంది. ఊహ మీద పెత్తనం ఎప్పుడూ కత్తి పట్టుకుని రాదు. ప్రమాణాలు, నాణ్యత, ప్రజాహితం అన్న మంచి మాటలతోనే వస్తుంది. నియంతృత్వం మీద ఆవేశంగా రాసిన వ్యాసం కంటే ఈ చిన్న పీడకల ఎక్కువ కాలం గుర్తుంటుంది. కారణం, మనం నిత్యం నింపే ఫారం భాషలో అది మాట్లాడుతుంది.

రచయిత స్వేచ్ఛకు ప్రభుత్వం ఒక్కటే అడ్డు కాదు. 'ది గైడ్' ఆధారంగా 1965లో వచ్చిన చలనచిత్రం గురించి 'మిస్‌గైడెడ్ గైడ్' అనే వ్యాసం రాశారు. మాల్గుడి దక్షిణాదిలోని చిన్న ఊరు. సినిమావాళ్లు దాన్ని ఉత్తరాదికి, రాజస్థాన్ అందాల మధ్యకు తరలించారు. ఊరిని సృష్టించిన మనిషి, ఆ ఊరు ఎక్కడుందో తన మాట చెల్లని స్థితిలో నిలబడ్డారు. ఆ వ్యాసంలో కోపం ఉంది. కాని ఆయన దాన్ని తిట్టుగా మార్చలేదు. తాను ఎంత బుద్ధిగా వింటూ కూర్చున్నదీ చెబుతూ పోయారు. నవ్వు అక్కడ ఆత్మరక్షణ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1. ఆత్మాశ్రయ వ్యాసానికీ వస్త్వాశ్రయ వ్యాసానికీ ఉన్న తేడాను మూడు వాక్యాల్లో రాయండి.
2. 'ఎ రైటర్స్ నైట్‌మేర్'లో హాస్యం పుట్టడానికి కారణమైన భాష ఏది?

6. ఆట: మాల్గుడి క్రికెట్ క్లబ్

ఆటల గురించి రాసేవారు సాధారణంగా గెలుపోటములు, వీరులు, రికార్డుల గురించి రాస్తారు. నారాయణ్‌కు వాటి మీద ఆసక్తి లేదు. 'స్వామి అండ్ ఫ్రెండ్స్'లో పిల్లలు క్రికెట్ జట్టు పెడతారు. రాజం నాయకుడు. జట్టు పేరు ఎం.సి.సి., అంటే మాల్గుడి క్రికెట్ క్లబ్. ఇంగ్లండ్‌లో క్రికెట్‌కు పెద్ద దిక్కుగా ఉన్న మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్‌కూ అవే పొడి అక్షరాలు. స్వామి బౌలింగ్ చూసి మిత్రులు ఆనాటి ఇంగ్లండ్ బౌలర్ టేట్ పేరు తగిలిస్తారు.

ఈ ఘట్టంలో సగానికి పైగా హాస్యం ఆట మొదలు కాకముందే ఉంది. క్లబ్ పెడితే ప్రభుత్వానికి పన్ను కట్టాలా అని పిల్లలకు సందేహం. మద్రాసు మౌంట్ రోడ్డులోని ఆట సామాన్ల దుకాణానికి దర్జాగా ఉత్తరం రాస్తారు. కొంత సొమ్ము ముందుగా పంపాలనీ, మిగిలింది వి.పి.పి.లో చెల్లించాలనీ జవాబు వస్తుంది. వి.పి.పి. అంటే ఏమిటో జట్టులో ఎవరికీ తెలియదు. ఆ ఉత్తరం వేరెవరికో రాసినదై, పొరపాటున తమకు వచ్చి ఉంటుందని తేల్చి తిప్పి పంపిస్తారు.

ఈ సన్నివేశాన్ని కథల నియంత్రణాధికారి ఉన్న వ్యాసం పక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ ఒకటే ఘర్షణ. ఒకవైపు ఆడుకోవాలనుకునే పిల్లలు, రాయాలనుకునే రచయిత. రెండోవైపు కాగితాల భాష. పిల్లలు ఆ భాషను అర్థం చేసుకోలేక ఓడిపోరు. అర్థం కాని దాన్ని మర్యాదగా తిప్పి పంపి తమ ఆట తాము ఆడుకుంటారు. పెద్దవాళ్లకు లేని స్వేచ్ఛ అది.

అయితే ఆ స్వేచ్ఛ ఎక్కువ కాలం నిలవదు. సాయంత్రం బడిలో డ్రిల్లు తరగతి ఉంటుంది, దానివల్ల స్వామి ఆట సాధనకు వెళ్లలేకపోతాడు. డ్రిల్లు తప్పించుకోవడానికి డాక్టరు దగ్గరకు వెళ్లి జబ్బు ఉన్నట్లు పత్రం రాసివ్వమంటాడు. డాక్టరుకు జబ్బేమీ కనిపించదు. చివరికి ప్రధానోపాధ్యాయుడి బెత్తానికి ఎదురుతిరిగి, బడి వదిలి, ఊరు వదిలి పారిపోతాడు. దారి తప్పుతాడు. తాను లేకుండానే మ్యాచ్ జరుగుతుంది, జట్టు ఓడిపోతుంది. రాజం మాట్లాడడం మానేస్తాడు. తండ్రికి బదిలీ అయి రాజం ఊరు విడిచిపోతున్నప్పుడు, స్వామి రైలు దగ్గరకు పరుగెత్తి వెళ్లి ఒక పుస్తకం కానుకగా అందిస్తాడు. ఆండర్సన్ కథల పుస్తకం అది.

ఇంతవరకు నవ్విన పాఠకుడు ఇక్కడ నవ్వలేడు. ఆట పిల్లలకు తమదైన ఒకే ఒక లోకం. అందులోకి బడి బెత్తం వచ్చి చేరడంతో స్నేహం తెగింది. తెగిన చోట అతుకు వేయడానికి పిల్లవాడి దగ్గర ఉన్నది ఒక్క పుస్తకం. ఆట గురించీ పుస్తకం గురించీ నారాయణ్ విడివిడిగా ఆలోచించలేదనడానికి ఈ ముగింపే సాక్ష్యం.

7. తలనొప్పి నుంచి రాజ్యసభ దాకా

'హెడేక్' వ్యాసంలో తలనొప్పి అనేది మర్యాదస్తుల లోకంలో ఎంత పనికొచ్చే సాకో చెబుతారు. ఇష్టం లేని సమావేశం తప్పించుకోవడానికీ, ఇష్టం లేని మనిషిని కలవకుండా ఉండడానికీ అదొక ఆయుధం. కనిపించే గాయం కాదు కనుక ఎదుటివాడు కాదనలేడు.

ఇదే తలనొప్పి ఆయన కథల్లో ఒక పిల్లవాడికి ఎలా పనికొచ్చిందో చూద్దాం. 'ఫాదర్స్ హెల్ప్' కథలో సోమవారం ఉదయం స్వామి తలనొప్పి అంటాడు. తల్లి నమ్మి బడి మానమంటుంది. తండ్రి నమ్మడు. బడికి వెళ్లక తప్పని స్థితిలో స్వామి, సామ్యూల్ మాస్టారు పిల్లల్ని క్రూరంగా కొడతాడని కల్పించి చెబుతాడు. తండ్రి ప్రధానోపాధ్యాయుడికి ఫిర్యాదు ఉత్తరం రాసి, కొడుకు చేతికే ఇచ్చి పంపుతాడు. ఇక ఆ ఉత్తరాన్ని నిజం చేయడానికి స్వామి రోజంతా మాస్టారికి కోపం తెప్పించాలని చూస్తాడు. తన అబద్ధం వల్ల ఒక మనిషికి అన్యాయం జరుగుతుందేమోనన్న బాధ ఒకవైపు, ఉత్తరం భారం మరోవైపు.

పెద్దవాడి తలనొప్పిని లోకం ప్రశ్నించదు. పిల్లవాడి తలనొప్పిని విచారణకు పెడుతుంది. వ్యాసాన్నీ కథనూ పక్కపక్కన పెడితేనే ఈ తేడా కనిపిస్తుంది. అందుకే నారాయణ్ వ్యాసాలను నవలలకు తోక లాగా చదవకూడదు. ఒకే ప్రశ్నను ఆయన రెండు ప్రక్రియల్లో అడిగారు.

ఈ ఆలోచన ఆయన జీవితంలో చాలా లోతుగా ఉంది. 1939లో భార్య రాజం టైఫాయిడ్‌తో మరణించారు. ఆ దుఃఖం నుంచి వచ్చిన నవల 'ది ఇంగ్లీష్ టీచర్' (1945). అందులో కృష్ణ అనే అధ్యాపకుడు కళాశాల ఉద్యోగం వదిలి చిన్నపిల్లల బడిలో చేరతాడు. పిల్లలను పిల్లలుగా ఉండనిచ్చే చోటే చదువు ఉందని అతనికి అనిపిస్తుంది.

1989లో రాజ్యసభలో నారాయణ్ చేసిన తొలి ప్రసంగానికి వద్దాం. దేశ రాజకీయాలు, విదేశాంగ విధానం వంటి పెద్ద విషయాలు ఆయన ఎత్తుకోలేదు. బడి సంచి గురించి మాట్లాడారు. పొద్దున్నే పిల్లవాణ్ణి లేపి, యూనిఫాం, టై, బూట్లు తొడిగి, పుస్తకాల సంచి వీపున ఎత్తి పంపే తతంగాన్ని వర్ణించారు. ఆ బరువుకు పిల్లలు ముందుకు వంగి, చేతులు వేలాడేసుకుని చింపాంజీల్లా నడుస్తున్నారన్నారు. ఇంటికి వచ్చాక కూడా హోంవర్కే, ఆడుకోవడానికీ కలలు కనడానికీ వాళ్లకు సమయం లేదన్నారు. బడి సంచినే రద్దు చేయాలని కోరారు.

ఈ ప్రసంగ నిర్మాణాన్ని మూడవ విభాగంలో చెప్పుకున్న మూడు దశలతో పోల్చండి. విషయం చిన్నది. పోలిక మొదట నవ్విస్తుంది, మరుక్షణం సిగ్గుపడేలా చేస్తుంది. చివరికి ఒక వ్యవస్థ ముందు ఆగుతుంది. వారపత్రికా వ్యాసం రాయడంలో ముప్పై ఏళ్లు పట్టిన నేర్పు చట్టసభలో పనికొచ్చింది. తరువాత 1992లో కేంద్ర ప్రభుత్వం ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన ఒక సలహా సంఘాన్ని నియమించింది. 1993లో వచ్చిన ఆ నివేదిక పేరుకు 'భారం లేని చదువు' అని అర్థం. నారాయణ్ ప్రసంగాన్ని అది గుర్తు చేసుకుంది. సంచి బరువు కంటే, అర్థం కాని చదువు బరువే ఎక్కువ హానికరమని చెప్పింది. పాఠశాల విద్య మీద నేటికీ జరిగే చర్చల్లో ఆ నివేదిక ప్రస్తావన వస్తూనే ఉంటుంది. సంచుల బరువు తగ్గిందా అన్నది మీ ఇంటి ముందు నుంచి వెళ్లే పిల్లలను చూసి మీరే చెప్పవచ్చు.

8. ఇంగ్లీషు: తిరుపతి బొమ్మ

తెలుగు మాధ్యమంలో చదువుతున్న మీకు ఆసక్తి కలిగించే మరో రెండు వ్యాసాలున్నాయి. రాజ్యాంగం ఇంగ్లీషును అధికార వ్యవహారాలకు 1950 నుంచి పదిహేనేళ్ల పాటు కొనసాగించింది. ఆ గడువునే శీర్షికగా చేసుకున్న 'ఫిఫ్టీన్ ఇయర్స్' వ్యాసంలో ఇంగ్లీషు భాష న్యాయమూర్తి ముందు నిలబడి తన కేసు తానే వాదించుకుంటుంది. పాలకుల భాషవు, వారితో పాటే వెళ్లిపొమ్మంటాడు న్యాయమూర్తి. ఈ నేల మీద ఇన్ని ఏళ్లు ఉన్న తాను పరాయిదాన్ని ఎలా అవుతానని భాష అడుగుతుంది. 'టోస్టెడ్ ఇంగ్లిష్'లో అమెరికన్లు ఇంగ్లీషును ఎలా తమకు నచ్చినట్లు మార్చుకున్నారో సరదాగా చెప్పి, మనకూ ఒక భారతీయ ఇంగ్లీషు ఉండాలంటారు. వ్యాకరణం తప్పకుండానే దాని మీద స్వదేశీ ముద్ర స్పష్టంగా పడాలని చెబుతూ మద్రాసు చేనేత గళ్ల చొక్కాను, తిరుపతి బొమ్మను పోలికగా తెస్తారు.

ఈ పోలిక తెలుగు పాఠకుడికి ప్రత్యేకంగా తడుతుంది. తిరుపతి బొమ్మ చేతితో చెక్కినది, చూడగానే ఏ ఊరిదో తెలిసేది. ఇంగ్లీషును దొరల భాషగా చూసి భయపడే విద్యార్థికి నారాయణ్ ఇచ్చే ధైర్యం ఇది: భాషను నీ చేతి పనిముట్టుగా తీసుకో, నీ ఊరి ముద్ర దాని మీద వెయ్యి. ఇంగ్లీషు పరీక్షలో తప్పిన మనిషి చెప్పిన మాట కనుక దీనికి బలం ఎక్కువ.

9. పానుగంటితో ఒక పోలిక

తెలుగులో హాస్య వ్యాసం అనగానే పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి' వ్యాసాలు గుర్తుకు వస్తాయి. ఇంగ్లండ్‌లో అడిసన్, స్టీల్ నడిపిన 'స్పెక్టేటర్' వాటికి ప్రేరణ. పానుగంటి తన భావాలను ఎక్కువగా జంఘాలశాస్త్రి ఉపన్యాసాల ద్వారా చెప్పించారు. అక్కడ వేదిక ఉంది, సభ ఉంది, ఒకదాని మీద ఒకటి వచ్చి పడే వాక్యాల ధాటి ఉంది. సంఘంలోని దురాచారాలను నేరుగా కొడతారు.

నారాయణ్‌ది వేదిక గొంతు కాదు, అరుగు మీద కబుర్ల గొంతు. పానుగంటి చదివితే మనం సభలో కూర్చుని చప్పట్లు కొడతాం. నారాయణ్‌ను చదివితే పక్కన కూర్చుని నవ్వుకుంటాం, ఇంటికి వెళ్లాక ఆలోచిస్తాం. ఏది మేలు అన్న ప్రశ్న కంటే, ఏ గొంతుతో ఏ పని సాధ్యమన్న ప్రశ్న విమర్శకు ఉపయోగం. దురాచారాన్ని ఎదిరించడానికి పెద్ద గొంతు అవసరం కావచ్చు. అలవాటైపోయి మనకు కనిపించకుండా పోయిన అన్యాయాన్ని చూపడానికి మెల్లని గొంతు సరిపోతుంది. రోజూ చూసే బడి సంచి అటువంటిదే.

10. పరిమితులు

నారాయణ్ మీద వచ్చిన విమర్శను కూడా తెలుసుకోవాలి. వి.ఎస్. నైపాల్ 1977లో ప్రచురించిన 'ఇండియా: ఎ ఊండెడ్ సివిలైజేషన్'లో, నారాయణ్ లోకంలో ఉన్న నిశ్చలత్వాన్ని ప్రశ్నించారు. ఏం జరిగినా లోకం తిరిగి యథాస్థితికి వస్తుందన్న ధోరణి బాధలను మరుగుపరుస్తుందన్నది ఆ విమర్శ సారాంశం.

దీనిని తోసిపుచ్చలేం. ఈ వ్యాసాల్లోని ఇల్లు ఎక్కువగా చదువుకున్న మధ్యతరగతి ఇల్లు. కాఫీ ధర పెరిగితే కలత చెందే ఇల్లు అది. ఆ కాఫీ తోటలో గింజలు కోసే కూలీ ఆ వ్యాసంలోకి రాదు. బడి సంచి బరువు గురించి మాట్లాడినప్పుడు, సంచే లేని పిల్లల గురించి మనం విడిగా ఆలోచించుకోవలసిందే. కులం, ఆకలి వంటి విషయాలు ఈ గొంతులో పలకడం తక్కువ.

అయినా ఒక రచయిత చెప్పనిదాన్ని ఎత్తి చూపడంతో విమర్శ పూర్తికాదు. చెప్పినదాన్ని ఎంత నిజాయితీగా చెప్పాడన్నది కూడా చూడాలి. తనకు తెలిసిన లోకంలో, బలహీనుడి పక్షాన నిలబడడంలో నారాయణ్ తడబడలేదు. ఆయన నవ్వు పిల్లవాడి మీద పడదు, పిల్లవాణ్ణి విచారించే పెద్దమనిషి మీద పడుతుంది. రాసేవాడి మీద పడినా, రాతను కొలిచే అధికారి దగ్గరకు వెళ్లే ఆగుతుంది. కిందివాడిని చూసి నవ్వే హాస్యం మన చుట్టూ చాలా ఉంది. దాని పక్కన పెట్టి చూస్తే ఈ హాస్యం విలువ తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
1. 'హెడేక్' వ్యాసానికీ 'ఫాదర్స్ హెల్ప్' కథకూ ఉన్న సంబంధం ఏమిటి?
2. రాజ్యసభ ప్రసంగంలో వ్యాస నిర్మాణం ఎలా కనిపిస్తుంది?
3. నైపాల్ విమర్శతో మీరు ఏకీభవిస్తారా? ఒక ఉదాహరణతో చెప్పండి.

11. సారాంశం

నారాయణ్ హాస్య వ్యాసాలు చిన్న విషయాలతో మొదలై, రచయిత తన మీద తాను నవ్వుకోవడంతో నడిచి, ఒక వ్యవస్థను నిశ్శబ్దంగా ప్రశ్నించడంతో ముగుస్తాయి. ఇల్లు, పుస్తకం, రచన, ఆట, బడి, భాష - వస్తువు ఏదైనా అందులో ఒక చిన్న మనిషి తన సమయం కోసం, తన ఊహ కోసం పెనుగులాడుతుంటాడు. వ్యాసాల్లోని ప్రశ్నలే కథల్లోనూ కనిపిస్తాయి. 1989 నాటి బడి సంచి ప్రసంగం ఆ పద్ధతికి ప్రజాజీవితంలో దొరికిన ఫలితం. మధ్యతరగతి దాటి ఎక్కువ దూరం వెళ్లకపోవడం ఆ హాస్యానికి ఉన్న పరిమితి.

"తలనొప్పి గురించీ కాఫీ గురించీ రాసినదాన్ని పాఠంగా ఎందుకు చదవాలి?" అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. మనం రోజూ మోసే బరువులు మనకు అలవాటై కనిపించవు. వాటిని నవ్విస్తూ కళ్లముందు పెట్టినప్పుడే దించుకోవచ్చునన్న ఆలోచన పుడుతుంది.

12. మాదిరి పరీక్ష ప్రశ్నలు

ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నారాయణ్ హాస్య వ్యాసాల నిర్మాణాన్ని సోదాహరణంగా వివరించండి.
2. 'నారాయణ్ నవ్వు ఎప్పుడూ చిన్న మనిషి పక్షాన ఉంటుంది' - ఈ వాక్యాన్ని సమర్థిస్తూ గాని, ఖండిస్తూ గాని రాయండి.

ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మాల్గుడి క్రికెట్ క్లబ్ ఘట్టంలో కాగితాల భాష పోషించిన పాత్ర.
2. 'సాక్షి' వ్యాసాల గొంతు, నారాయణ్ వ్యాసాల గొంతు - పోలిక.
3. మీ దైనందిన జీవితం నుంచి ఒక చిన్న విషయాన్ని తీసుకుని, నారాయణ్ పద్ధతిలోని మూడు దశలను పాటిస్తూ ఒక పేరా రాయండి.

13. పదాలు - అర్థాలు

ఆత్మాశ్రయం: రచయిత స్వీయ అనుభవం, అభిరుచి ఆధారంగా సాగేది.
వస్త్వాశ్రయం: విషయం ప్రధానంగా సాగేది.
వి.పి.పి.: తపాలాలో వచ్చిన సరుకుకు, అందుకునేటప్పుడు సొమ్ము చెల్లించే పద్ధతి.
ప్రతీతి: జనంలో ప్రచారంలో ఉన్న మాట.
యథాస్థితి: ముందున్న స్థితి.